వంగ భాషలో గ్రంథసమీక్ష: తొలి నలుబది ఏండ్లు

పూర్వకాలంలో గ్రంథానికీ దానిపై వెలువడే అభిప్రాయానికీ మధ్య దూరం చాలా ఉండేది. మల్లినాథుడు వ్యాఖ్యానం వ్రాసేనాటికి కాళిదాసు కావ్యాలు ఎన్నో శతాబ్దాల పరీక్షకు నిలిచి ఉన్నవి. వాటిని చదువవలెనా, మానవలెనా అనే ప్రశ్న ఆ వ్యాఖ్యాతకు ఎదురు కాలేదు. అర్థాన్ని విప్పి చెప్పుటే అతని పని. అచ్చుయంత్రం వచ్చిన పిమ్మట ఈ దూరం తరిగిపోయినది. నిన్న అచ్చయిన పుస్తకం నేడు అంగడికి వచ్చును. దానిని వ్రాసినవాడు సజీవుడై, చాలాసార్లు అదే నగరంలో కాపురముండును. కొనదలచినవానికి మాత్రం దాని మంచిచెడ్డలు తెలియవు. ఈ అవసరంలోనుండి గ్రంథసమీక్ష పుట్టినది. కొత్త పుస్తకాన్ని చదివి, తనకు తోచిన నిజాన్ని నలుగురి ఎదుటా చెప్పుట చూపునకు సులభంగా కనిపించే పనే. కర్త పూజ్యుడైనప్పుడు, లేదా మిత్రుడైనప్పుడు, అది ఎంత కష్టమో వంగదేశంలో 1871 నుండి 1912 వరకు జరిగిన చరిత్ర తెలుపుతుంది.

అంతకు ముందు సమీక్షలు బొత్తిగా లేకపోలేదు. రాజేంద్రలాల్ మిత్ర 1851లో ప్రారంభించిన ‘వివిధార్థ సంగ్రహం’ కొత్త పుస్తకాలను గురించి వ్రాస్తూనే ఉండెను. కాని నాటి వంగ గ్రంథానికి రెండు అపాయాలుండేవి. ఇంగ్లీషు చదివినవారు స్వభాషలో వెలువడినదాన్ని చదువకయే తోసివేసేవారు. తక్కినవారు స్వభాషలో వెలువడినది గనుకనే మెచ్చుకొనేవారు. తిరస్కారం గాని, ముఖస్తుతి గాని పుస్తకాన్ని చదివిన మీదట కలిగినవి కావు. ఈ రెంటి నడుమ చదివి చెప్పే మూడవవాని అవసరం ఏర్పడినది. ఆ స్థానాన్ని మొదట ఆక్రమించినవాడు బంకించంద్ర చటర్జీ.

1871లో ‘కలకత్తా రివ్యూ’ అనే ఇంగ్లీషు పత్రికలో వంగ సాహిత్యాన్ని గురించి పేరు లేని వ్యాసం ఒకటి ప్రకటితమైనది. దానిని వ్రాసినది బంకించంద్రుడు. అందులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుని సాహిత్యకీర్తిని ఆయన ప్రశ్నించినాడు. అనువాదాలు, బాలుర పాఠ్యపుస్తకాలు తప్ప విద్యాసాగరుడు చేసినది ఏమున్నదని ఆయన వాదం. వితంతు వివాహ శాసనానికి కారకుడై, దేశమంతటా దయాసాగరుడని పేరొందిన మహనీయుని గూర్చి అట్లు వ్రాయుట సామాన్యమైన సాహసం కాదు. పేరు మరుగుపడి ఉండుట వల్ల అది కొంత సులభమైనదని కూడ ఒప్పుకొనవలెను.

మరుసటి సంవత్సరం, అనగా 1872లో, బహరంపురంలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉన్న కాలంలో బంకించంద్రుడు ‘వంగదర్శన్’ పత్రికను స్థాపించినాడు. ‘విషవృక్షం’ నవలను దానిలోనే ధారావాహికగా ప్రకటించినాడు. పాఠకులు ఆ నవల కొరకు మాసం మాసం ఎదురుచూచేవారు. అదే సంచికలలో గ్రంథవిమర్శలు కూడ వారి చేతికి వచ్చేవి. ఒక పుస్తకాన్ని నిమిత్తంగా తీసికొని, అది ఏ జాతికి చెందినదో, ఆ జాతి రచనలో మంచిచెడ్డలను ఎట్లు నిర్ణయించవలెనో బంకించంద్రుడు చర్చించేవాడు. నవీన్‌చంద్ర సేన్ పద్యసంపుటిని సమీక్షించబోయి గీతికావ్య లక్షణాన్ని వివరించినాడు. ‘ఉత్తరరామచరితం’ అనువాదాన్ని నిమిత్తంగా తీసికొని భవభూతి నాటకాన్నే పరిశీలించినాడు. ఇట్టి వ్యాసాలే కొన్ని 1876లో ‘వివిధ సమాలోచన్’ అనే సంపుటిగా వెలువడినవి.

అయినా ఆయన నిజాయితీకి కఠినమైన పరీక్ష కావ్యవిమర్శలో రాలేదు. బహుభార్యాత్వాన్ని ఖండిస్తూ విద్యాసాగరుడు 1871లో ఒక గ్రంథాన్ని, 1873లో రెండవదాన్ని వెలువరించినాడు. శాస్త్రప్రమాణాలతో ఆ దురాచారాన్ని ఖండించి, దానిని శాసనం ద్వారా నిషేధింపజేయుట ఆయన ఆశయం. రెండవ గ్రంథాన్ని బంకించంద్రుడు ‘వంగదర్శన్’లో విమర్శించినాడు. ఆచారం చెడ్డదనుటలో ఇద్దరికీ భేదం లేదు. భేదమంతా పద్ధతిలోనే ఉన్నది. ఆచారం అధర్మమైనచో శాస్త్రం ఒప్పుకొన్నదా లేదా అను విచారణ ఎందుకని బంకించంద్రుని ప్రశ్న. విద్య వ్యాపించినకొలదీ ఆ దురాచారం తనంత తానే క్షీణించుచున్నదని ఆయన నమ్మకం. ఆ సమీక్షలో వాదంతో పాటు ఎత్తిపొడుపు కూడ ఉండెను. విద్యాసాగరుడు నొచ్చుకొన్నాడు.

ఆ వ్యాసాన్ని బంకించంద్రుడు చాలకాలం ఏ సంపుటిలోనూ చేర్చలేదు. 1891లో విద్యాసాగరుడు కీర్తిశేషుడైనాడు. 1892లో వెలువడిన ‘వివిధ ప్రబంధ’ రెండవ భాగంలో దానిని చేర్చినాడు గాని, పరుషమైన భాగాలను తీసివేసినాడు. వాదాన్ని నిలుపుకొన్నాడు, ఎత్తిపొడుపును విడిచినాడు. అదే సంవత్సరం ప్యారీచంద్ మిత్రపై వ్రాసిన వ్యాసంలో విద్యాసాగరుని వచనమాధుర్యాన్ని మనసారా కీర్తించినాడు. 1871లో అనువాదకుడని తేల్చివేసినవాడే ఇరువది యొక్క ఏండ్ల తరువాత అంతటి మధురమైన వంగ వచనాన్ని మరెవ్వరూ వ్రాయలేదని ఒప్పుకొన్నాడు. కవి ఈశ్వరచంద్ర గుప్తుని విషయంలో కూడ ఇట్లే జరిగినది. 1871లో కఠినంగా తూచిన ఆ కవి పద్యాలను 1885లో తానే సంకలనం చేసి, సానుభూతితో కూడిన దీర్ఘమైన పీఠిక వ్రాసినాడు.

బహుభార్యాత్వ విషయంలో ఎవరి మాట నిజమైనదో చరిత్ర తెలిపినది. ఆచారం తనంత తానే పోగలదన్న ఆశ నెరవేరలేదు. హిందువులలో దానిని నిషేధించుటకు 1955 నాటి హిందూ వివాహ శాసనం కావలసివచ్చినది. నిజాయితీ గల అభిప్రాయమంతా సరియైన అభిప్రాయం కానక్కరలేదనుటకు ఇది నిదర్శనం. ఆ సమీక్ష వల్ల కలిగిన మేలు వేరొకటి. ఎంత పూజ్యుడు వ్రాసిన పుస్తకమైనా వాదబలంతోనే నిలువవలెననే నియమం వంగ పాఠకుల ఎదుట స్థిరపడినది.

ఆ నియమాన్ని వెంటనే అందుకొన్నవాడు ఒక బాలుడు. 1876లో ‘జ్ఞానాంకుర్ ఓ ప్రతిబింబ్’ అనే పత్రికలో మూడు పద్యగ్రంథాలపై ఒక సమీక్ష వెలువడినది. దాని కర్త రవీంద్రనాథునికి అప్పటికి పదునైదు ఏండ్లు. ఆ మూటిలో ఒకటి ‘భువనమోహినీ ప్రతిభ’. అది ఒక స్త్రీ రచన అని లోకం నమ్మి మెచ్చుకొనుచుండెను. రవీంద్రుడు నమ్మలేదు, అతని అనుమానమే నిజమైనది. ఖండకావ్యం ఎట్లుండవలెనో, గీతికావ్యం ఎట్లుండవలెనో ఆ సమీక్షలో ఎంతో గంభీరంగా నిర్ణయించినాడు. ఇంతలో ఒక మిత్రుడు వచ్చి, ఎవరో బి.ఏ. పట్టభద్రుడు ఈ సమీక్షకు సమాధానం వ్రాయుచున్నాడని చెప్పినాడు. బి.ఏ. అను మాట వినగానే బాలవిమర్శకునికి గుండె జారిపోయినది. ఆ పట్టభద్రుడు ఎన్నడూ కనిపించలేదని రవీంద్రుడు ‘జీవనస్మృతి’లో నవ్వుతూ చెప్పుకొన్నాడు.

మరుసటి ఏడు, 1877లో, ‘భారతి’ పత్రిక ప్రారంభమైనది. దాని మొదటి సంవత్సరపు సంచికలలోనే రవీంద్రుడు మైకేల్ మధుసూదన దత్తుని ‘మేఘనాదవధ కావ్యం’పై తీవ్రమైన విమర్శను ప్రకటించినాడు. 1861లో వెలువడిన ఆ కావ్యం అప్పటికే వంగభాషకు గర్వకారణమై ఉన్నది. పదునారేండ్లవాడు దానిలో దోషాలను వరుసగా ఎత్తిచూపినాడు. తరువాత ఆ సాహసాన్ని తలచుకొని ఆయన సిగ్గుపడినాడు. ఇతర శక్తులు ఇంకా వికసింపని వయస్సులో గాయపరచే శక్తి ఒక్కటే పదునుగా ఉండునని 1912లో అచ్చయిన ‘జీవనస్మృతి’లో ఒప్పుకొన్నాడు. అంతకు ముందే, 1907లో, ‘సాహిత్యసృష్టి’ అనే వ్యాసంలో ఆ కావ్యాన్ని మరల తూచినాడు. ఛందస్సులోనే గాక భావంలో, రసంలో కూడ అందులో వచ్చిన గొప్ప మార్పును గుర్తించినాడు. రామలక్ష్మణుల ధర్మభీతి కంటె రావణ మేఘనాదుల ఉద్దండశక్తి ఆ కవి హృదయాన్ని ఎందుకు ఆకర్షించినదో వివరించినాడు. బాల్యంలో దోషాలు మాత్రమే కనిపించిన చోట ప్రౌఢవయస్సులో ఒక యుగం యొక్క తిరుగుబాటు కనిపించినది.

ఈ రెండు తీర్పుల నడుమ ‘సాధన’, ‘భారతి’, నూతన ‘వంగదర్శన్’ పత్రికలలో రవీంద్రుడు వ్రాసిన సమీక్షలు వంగసాహిత్యంలో ఒక నిధి. వాటి వైవిధ్యం ఆశ్చర్యకరం. నవల, పద్యం, యాత్రారచన, మతవిచారం, దేశచరిత్ర అన్నీ వాటిలో ఉన్నవి. ప్రతి పుస్తకాన్నీ దాని జాతికి తగిన కొలతతోనే ఆయన కొలిచినాడు. బంకించంద్రుని ‘రాజసింహ’ 1893లో ఎంతో విస్తరించి తిరిగి వెలువడగా, 1894లో దానిని సమీక్షించి అందులోని కథావేగాన్ని మెచ్చుకొన్నాడు. పాత్రలు నిలిచి మాటలాడుటకు తీరిక లేకపోవుట లోపమని ఇతరులకు తోచవచ్చును. చరిత్రప్రవాహం మనుష్యులను ఈడ్చుకొనిపోయే కథకు ఆ వేగమే తగినదని ఆయన చూపినాడు. బంకించంద్రుని అన్న సంజీవ్‌చంద్రుని ‘పలామౌ’ యాత్రారచనను ఎంతో ప్రేమించినాడు. కాని ఆ రచయితకు సంపద ఉన్నంతగా దానిని సర్దుకొనే ఇల్లాలి నేర్పు లేదని కూడ చెప్పినాడు. ప్రేమించిన పుస్తకంలోని లోపాన్ని దాచకపోవుట, ఆ లోపాన్ని చెప్పునప్పుడు ప్రేమను మరువకపోవుట, ఈ రెండూ ఆ వ్యాసంలో కలిసి ఉన్నవి.

వీటన్నిటిలో కష్టతరమైనది ‘కృష్ణచరిత్ర’ సమీక్ష. బంకించంద్రునికీ రవీంద్రునికీ గల సంబంధం సామాన్యమైనది కాదు. రమేశచంద్ర దత్తు కుమార్తె వివాహంలో తన మెడలో వేయబోయిన మాలను బంకించంద్రుడు యువకుడైన రవీంద్రుని మెడలో వేసి, అతని ‘సంధ్యాసంగీత్’ను ప్రశంసించినాడు. 1884లో ధర్మవిషయమై వారిద్దరికీ పత్రికలలో ఘర్షణ జరిగినది. చివరకు పెద్దవాడే క్షమతో ఒక లేఖ వ్రాసి దానిని ముగించినాడు. 1894 ఏప్రిల్ 8వ తేదీన బంకించంద్రుడు మరణించగా రవీంద్రుడు గొప్ప స్మృతివ్యాసం వ్రాసినాడు. ఒక చేత నిర్మాణాన్ని, రెండవ చేత నివారణను ఏకకాలంలో సాగించిన సవ్యసాచి అని ఆయనను అందులో వర్ణించినాడు. దెబ్బతిన్న చిన్న రచయితలందరూ ఆయనకు శత్రువులైన సంగతిని కూడ దాచలేదు.

మరుసటి ఏడు ‘సాధన’లో ‘కృష్ణచరిత్ర’పై సమీక్ష వెలువడినది. శాస్త్రవచనమైనంత మాత్రాన దేనినీ అంగీకరింపక, స్వతంత్రబుద్ధితో విచారించిన ధైర్యాన్ని రవీంద్రుడు శిరసు వంచి గౌరవించినాడు. అయితే మహాభారతంలో ఏది మూలం, ఏది ప్రక్షిప్తం అని విడదీయుటకు బంకించంద్రుడు ఏర్పరచుకొన్న పద్ధతి నిలువదనినాడు. ప్రస్తుతం కాని చోట్ల ఐరోపావారిపై కలహించుట గ్రంథగౌరవానికి భంగకరమనినాడు. కర్త మరణించి ఏడాది దాటలేదు, దేశం ఇంకా శోకంలో ఉన్నది. అయినా స్మృతివ్యాసం వ్రాసిన చేతితోనే ఈ సమీక్షను వ్రాసినాడు. విద్యాసాగరుని పట్ల బంకించంద్రుడు నేర్పిన నియమాన్ని శిష్యతుల్యుడు ఆయనకే అన్వయించినాడు, ఎత్తిపొడుపును మాత్రం అనుకరించలేదు.

దేశాభిమానం కూడ ఆయన తీర్పును లొంగదీయలేదు. 1898లో అక్షయకుమార్ మైత్రేయుని ‘సిరాజుద్దౌలా’ను ‘భారతి’లో సమీక్షించినాడు. ఆంగ్లేయులు వ్రాసినదే చరిత్ర అనే దాస్యం నుండి విడివడిన గ్రంథమని దానిని హర్షంతో స్వాగతించినాడు. కాని ప్రమాణాలు చాలిన చోట రచయిత ఉద్రేకపడుట అనవసరమని సూచించినాడు. పరాధీనదేశంలో స్వజాతీయుని చరిత్రగ్రంథానికి ఇట్టి సూచన చేయుట తేలిక కాదు.

ఈ నిజాయితీకి ప్రతిఫలం ఎల్లప్పుడూ మంచిగా రాలేదు. ద్విజేంద్రలాల్ రాయ్ గ్రంథాలు ‘ఆర్యగాథ’, ‘ఆషాఢే’, ‘మంద్ర’ వెలువడినప్పుడు రవీంద్రుడు మూటినీ ఆదరంతో సమీక్షించినాడు. 1906లో ద్విజేంద్రలాల్ రవీంద్రుని కవిత్వం అస్పష్టమని దాడి ప్రారంభించినాడు. అయినా 1907లో ‘ఆధునిక సాహిత్యం’ సంపుటిని కూర్చినప్పుడు రవీంద్రుడు ఆ మూడు సమీక్షలనూ అందులో చేర్చినాడు. 1909లో సురేశ్‌చంద్ర సమాజపతి ‘సాహిత్య’ పత్రికలో ‘చిత్రాంగద’ నీతిబాహ్యమని ద్విజేంద్రలాల్ వ్రాసినాడు. ఆ కావ్యం అచ్చయి అప్పటికి పదునేడు ఏండ్లయినది. 1912లో ‘ఆనందవిదాయ్’ అనే ప్రహసనంలో కవిని బాహాటంగా ఎగతాళి చేసినాడు. కలకత్తా స్టార్ రంగస్థలంపై దానిని ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులే సహింపలేక అడ్డుపడినారు. గ్రంథాన్ని విడిచి వ్యక్తిని పట్టుకొన్న మాట విమర్శ కాదని ఆనాడు నాటకశాలలో కూర్చున్న సామాన్యులకు తెలిసినది. నలుబది ఏండ్ల క్రితం వంగభాషలో అట్టి పాఠకసమాజం లేదు. మాసం మాసం వెలువడిన ఆ సమీక్షలే దానిని తయారు చేసినవని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ సమీక్షలలో పేర్కొనబడిన పుస్తకాలలో అనేకం నేడు చదివేవారు లేక మరుగున పడినవి. ‘ఫూల్‌జానీ’ నవలను, ‘భువనమోహినీ ప్రతిభ’ను నేటి పాఠకుడు సమీక్ష ద్వారానే ఎరుగును. పుస్తకం పోయినా దానిపై వ్రాసిన అభిప్రాయం నిలిచినదనగా, అది నిందించుటకో, మెప్పించుటకో వ్రాసినది కాదన్నమాట. బంకించంద్రుడు విద్యాసాగరుని గూర్చి, రవీంద్రుడు మధుసూదనుని గూర్చి తమ తొలి తీర్పులను నలుగురి ఎదుటనే మార్చుకొన్నారు. చదివినది చెప్పుటకు ధైర్యం కావలెను. ఇరువది, ముప్పది ఏండ్ల తరువాత అదే పుస్తకాన్ని మరల తెరచి, తొలి మాటను దిద్దుకొనుటకు అంతకు మించిన ధైర్యం కావలెను. వంగభాషలో గ్రంథసమీక్షకు గౌరవం తెచ్చిన ఆ ఇద్దరిలోనూ ఈ రెండు ధైర్యాలూ ఉండెను.