పటము విప్పువారు, మగ్గము నడపువారు

ఠాణే జిల్లాయందలి భివండీ మరమగ్గముల మ్రోతకు పేరొందినది. ఆ మ్రోతలో తెలుగువారి పాలు స్వల్పము కాదు. ఉత్తరదేశపు మోమిన్ నేతగాండ్రు 19వ శతాబ్దిలో చేమగ్గములతో నెలకొల్పిన వృత్తి, 1930 ప్రాంతమున విద్యుచ్ఛక్తిని పొంది క్రమముగ విస్తరింపగా, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ సీమల పద్మశాలీలు బ్రతుకుతెరువునకై తరలిపోయి పద్మనగర్ వంటి వాడలలో నిలిచిరి. అయితే మూటలో నిమిడి వెంటవచ్చునది కాదు గదా వారి కులపురాణమును బొమ్మలలో జూపు పటము కథ!

మార్కండేయ మహర్షి పుత్రుడగు భావనాఋషి తామరతూటి దారముతో దేవతలకు వస్త్రము నేసిన వృత్తాంతమును, ఆయన సంతతివలన గలిగిన 101 గోత్రములను, చేర్యాల చిత్రకారులగు నకాషీలు మూడడుగుల వెడల్పును, ఒక్కొక్కప్పుడు అరువదడుగుల నిడివియు గల బట్టపై పట్టీలు పట్టీలుగా, ఎఱ్ఱని నేలమీద లిఖింపగా, కథాగాయకులగు కూనపులివారు ఆ చుట్టను మోసికొని పద్మశాలీల యూళ్లు తిరిగి, బొమ్మ వెంట బొమ్మను విప్పుచు గానము చేసెడివారు. ఇతర కులముల యెదుట ఈ కథ పాడి యాచించుట వారి ధర్మము కాదు.

బట్టను బొమ్మకు సిద్ధపఱచుటయే యొక విద్య. గంజి పట్టించి, సుద్దమట్టియు చింతగింజల అంబలియు జిగురుతో రంగరించి పూసి, ఆరిన పిమ్మటనే నకాషీ కుంచె పట్టును. బాలిద్వీపమున క్లుంకుంగ్ చెంతనున్న కమసాన్ గ్రామ చిత్రకారులును బియ్యపుపిండి జావతో బట్టను బిగించి, ఎండబెట్టి, గవ్వతో మెఱుగుపెట్టినగాని భారత రామాయణ గాథలు లిఖింపరు. వారి నిడుపాటి పటములు ఉత్సవవేళల గుడిచూరుల చుట్టును వ్రేలాడును. పడుగుకు గంజి పెట్టినవానికి బట్టను బిగించు ఈ మర్మము వేఱుగ చెప్ప బనిలేదు.

ఆ బాలిలోనే ఉబుద్‌లో 1956లో తెఱచిన పురి లుకిసాన్ చిత్రశాలలో ఈ కమసాన్ ప్రాచీనరీతితోపాటు, చొకోర్డ గెడె అగుంగ్ సుకావతి, వాల్టర్ స్పీస్, రుడోల్ఫ్ బోనె, లెంపాద్ మొదలగువారు 1936లో స్థాపించిన పిట మహా అను చిత్రకారుల సంఘపు కాలమునాటి నవీన చిత్రములును గాననగును. పరదేశీయుడు కొనుగోలుదారు కాగానే పురాణము ప్రక్కకు జరిగి, సంతలును వరిమళ్లును చట్రములోనికి వచ్చినవి. చేర్యాలలోను అంతే: పటము తెగి గోడబొమ్మలైనది.

అయినను బాలిలో గుడి చెదరక గ్రామమందే నిలిచినది. కూనపులివారికి గుడి యనదగినది పద్మశాలి యజమాని వాకిలి. ఆ యజమాని భివండీకో షోలాపురమునకో సూరతునకో పోయిన పిదప పటము విప్పుట యెవరి కొఱకు? హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ కళాసంగ్రహాలయమున తెలంగాణ పటములు భద్రముగ నున్నవి. అట్టి పటముల చెంత కూనపులివారి పాటను గూడ వినిపించు ఏర్పాటు గావించిన, భివండీలో పుట్టిన పద్మశాలి యువకుడు తన గోత్రము ఏ పట్టీలో వచ్చునో తెలిసికొనగలడు.