కారు రేటింగ్‌ను ఎంత నమ్మాలి? పేరు ఒకటే సెల్టోస్.. ఇండియాలో 3 స్టార్లు, ఆస్ట్రేలియాలో 5!

రామగిరి, చెన్నేకొత్తపల్లి వైపు నుంచి 44వ జాతీయ రహదారి ఎక్కి పెనుకొండ దారి పడితే చాలు.. కొత్త కార్లు మోసుకెళ్లే ట్రైలర్ లారీలు ఎదురవుతాయి. ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో మొదటి సెల్టోస్ బయటకు వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఇది మామూలు దృశ్యమే. కళ్లముందు తయారయ్యే కారు కాబట్టి కొనాలనుకునేవాళ్లూ ఎక్కువే. కొనేముందు అందరూ ఫోన్‌లో వెతికే మాట ఒక్కటే.. 'ఎన్ని స్టార్లు?'

ఆ ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. సెల్టోస్ సంగతే చూడండి.

2020 నవంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇండియా సెల్టోస్‌ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దల భద్రతకు 3 స్టార్లు, పిల్లల భద్రతకు 2 స్టార్లే వచ్చాయి. బాడీ నిర్మాణం నిలకడగా లేదని కూడా తేల్చింది. అప్పటికి ఏడాది ముందే ఆస్ట్రేలియాలో సెల్టోస్‌కు ఏఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది.

ఎవరో ఒకరు అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో అమ్మింది కొరియాలో తయారైన కారు, అన్ని వేరియంట్లలో 6 ఎయిర్‌బ్యాగులు. ఇక్కడ టెస్ట్ చేసింది 2 ఎయిర్‌బ్యాగుల బేస్ వేరియంట్. పరీక్ష పద్ధతులూ వేరు. డిక్కీ మీద పేరు ఒకటే కానీ కార్లు రెండు. అందుకే విదేశీ యూట్యూబ్ వీడియోలో కనిపించిన స్టార్లను ఇక్కడి షోరూమ్‌లోని కారుకు అంటగట్టకూడదు.

ఎయిర్‌బ్యాగులు పెరిగితే స్టార్లూ పెరుగుతాయా?

పెరుగుతాయన్న గ్యారంటీ లేదు. పెనుకొండలోనే తయారయ్యే కియా కారెన్స్‌లో అన్ని వేరియంట్లలోనూ 6 ఎయిర్‌బ్యాగులున్నాయి. అయినా 2022 జూన్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో వచ్చింది 3 స్టార్లే. పెద్దల భద్రతలో 17కు 9.30 పాయింట్లు. దీని బాడీ కూడా నిలకడగా లేదన్నారు. ఎన్ని బ్యాగులు విచ్చుకున్నా, మనిషి చుట్టూ ఉన్న ఇనుప గూడు నలగకుండా ఉంటేనే వాటి వల్ల పూర్తి ప్రయోజనం.

కారెన్స్ కథ అక్కడితో ఆగలేదు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ రూల్స్ కఠినం చేసింది. అంతకుముందు ముందు నుంచి గుద్దే టెస్ట్ ఒక్కటే ప్రధానం. తర్వాత పక్క నుంచి గుద్దడం, పాదచారుల రక్షణ, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ లాంటివి లెక్కలోకి వచ్చాయి. కొత్త రూల్స్ కింద కారెన్స్ ఫలితాలు 2024 ఏప్రిల్‌లో వచ్చాయి. ముందుగా తయారైన కారుకు పెద్దల భద్రతలో సున్నా! కంపెనీ మార్పులు చేశాక తయారైన కారుకు 3 స్టార్లు. అంటే మోడల్ పేరు ఒక్కటే చూస్తే సరిపోదు.. ఎప్పుడు తయారైంది, ఏ రూల్స్ కింద టెస్ట్ చేశారు అన్నది కూడా చూడాలి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు మన దేశానిదే రేటింగ్

2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అమల్లో ఉంది. పెద్దల భద్రతలో 32కు 27, పిల్లల భద్రతలో 49కు 41 పాయింట్లు దాటితే 5 స్టార్లు. కియా సైరోస్ 2025 ఏప్రిల్‌లో 30.21, 44.42 పాయింట్లతో ఆ గీత దాటింది. 27 వచ్చిన కారుకూ 5 స్టార్లే, 31 వచ్చిన కారుకూ 5 స్టార్లే. కాబట్టి స్టార్ల పక్కనున్న పాయింట్లు కూడా చదవండి. టెస్ట్ అయిన కారు మీద క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఉంటే స్కాన్ చేస్తే వివరాలు వస్తాయి.

ఇంకో మెలిక ఉంది. ఈ టెస్ట్ తప్పనిసరి కాదు, కంపెనీ దరఖాస్తు పెట్టుకుంటేనే చేస్తారు. పాస్ అవుతానన్న ధీమా ఉన్నవాడే కదా ముందుగా పరీక్షకు వచ్చేది! స్టార్లు లేని కారు పనికిరానిదని చెప్పలేం, మంచిదనీ చెప్పలేం.

టెస్ట్‌లో లేనివి

పిల్లల స్కోరు చైల్డ్ సీటులో కట్టి కూర్చోబెట్టిన 18 నెలలు, 3 ఏళ్ల సైజు బొమ్మలది. అమ్మ ఒడిలో కూర్చున్న బిడ్డకు ఆ స్కోరు వర్తించదు. లేపాక్షికో పుట్టపర్తికో ఐదుగురి కారులో ఎనిమిది మంది ఎక్కి వెళ్తే, పెద్దలకూ వర్తించదు. రాత్రిపూట హైవే పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీ కిందకు దూసుకెళ్లే ప్రమాదాన్ని ఈ టెస్టులు చూడవు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదం గుర్తుందా? ఆయన ప్రయాణించిన మెర్సిడెస్ జీఎల్‌సీ యూరో ఎన్‌క్యాప్‌లో 5 స్టార్ల మోడల్. వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

'రిపేర్లు రాని కారు' ర్యాంకుల సంగతేంటి?

వీటిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. క్రాష్ టెస్ట్‌లో కనీసం గుద్దింది కారును, కొలిచింది యంత్రాలు. రిపేర్ల ర్యాంకులు ఎక్కువగా ఓనర్లను అడిగి వేసేవి. అమెరికాలో జేడీ పవర్ సంస్థ 100 కార్లకు ఎన్ని సమస్యలు వచ్చాయో లెక్కిస్తుంది. అందులో ఫోన్ బ్లూటూత్‌కు కనెక్ట్ కాకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్స్ పోవడమూ ఒక సమస్యే. కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటనలు తీసుకోదు, పెద్ద రిపేర్లకు ఎక్కువ బరువిస్తుంది. కానీ అది చెప్పేది అమెరికా రోడ్లపై తిరిగే కార్ల గురించి. జర్మనీలో టీయూవీ రిపోర్టు ఎవరి అభిప్రాయమూ కాదు, కార్లకు తప్పనిసరిగా చేసే తనిఖీల్లో దొరికిన లోపాల లెక్క. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు. ఇక అలాంటి లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ అంతకంటే పనికొచ్చేది రీకాల్స్ జాబితా. 2022 అక్టోబర్‌లో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ చెక్ చేయడానికి 44,174 కారెన్స్ కార్లను కియా వెనక్కి పిలిచింది. 2024 ఫిబ్రవరిలో ఆయిల్ పంప్ కంట్రోలర్ మార్చడానికి 4,358 పెట్రోల్ ఆటోమేటిక్ సెల్టోస్‌లను పిలిచింది. రీకాల్ వచ్చిందంటే కారు చెత్తదని కాదు, లోపాన్ని కంపెనీ ఒప్పుకుని ఉచితంగా సరిచేస్తోందని. 2021 ఏప్రిల్ నుంచి రీకాల్స్‌కు చట్టబద్ధమైన రూల్స్ కూడా ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని బండ్లకు ఇవి వర్తిస్తాయి.

ధర్మవరంలోనో హిందూపురంలోనో పాత కారు బేరం కుదిరే ముందు, ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్ తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. రీకాల్ పని పెండింగ్‌లో ఉందో లేదో అక్కడే చెప్పేస్తారు. ఉంటే, డబ్బులిచ్చే ముందే ఆ పని చేయించి ఇమ్మని ఓనర్‌ను అడగొచ్చు.