సర్వీసు రిజిస్టరులో లేని జబ్బు

ఈమధ్యనే రిటైరయ్యాను. పెన్షను కాగితాలు పంపేముందు ఒకసారి సరిచూసుకోమని గుమాస్తా నా సర్వీసు రిజిస్టరు చేతికిచ్చాడు. 1996లో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన దగ్గర్నించీ పెట్టిన ప్రతి సెలవూ అందులో ఉంది. 1999లో పచ్చకామెర్లు. 2001లో టైఫాయిడ్. 2004లో వడదెబ్బ. రేపు ఏ పరిశోధకురాలైనా ఈ పుస్తకం తెరిస్తే, పాపం ఒంట్లో సత్తువ లేని మనిషి అనుకుంటుంది.

నాకు పచ్చకామెర్లు ఎప్పుడూ రాలేదు. టైఫాయిడూ రాలేదు. నాకున్నది బైపోలార్ డిజార్డర్.

స్త్రీల చరిత్ర రికార్డుల్లో ఉండదని మనం చాలాసార్లు రాసుకున్నాం, ఆ మౌనం గురించి మాట్లాడుకున్నాం. నా రిజిస్టరులో ఉన్నది మౌనం కాదు, అబద్ధం. నేను అడిగితే ఓ డాక్టరు దయతలచి రాసిచ్చినది. ఆ అబద్ధానికి కూడా ఒక చరిత్ర ఉంది.

ముందు మందు సంగతి. నేను వాడేది లిథియం. ఉన్మాద స్థితికి అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ప్రకటించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చాంగీలో జపానువాళ్ల బందీగా మూడేళ్లకి పైగా గడిపి వచ్చినవాడాయన. ఆయన మొదట నయంచేసిన రోగి మరుసటి ఏడాదే ఆ మందు విషమై చనిపోయాడు. అదే 1949లో అమెరికాలో గుండెజబ్బుల వాళ్లు ఉప్పుకి బదులు లిథియం క్లోరైడు తిని కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాన్ని మార్కెట్లోంచి తీసేశారు. 1954లో డెన్మార్కులో మొగెన్స్ షౌ బృందం పద్ధతిగా పరీక్షించి చూపించాక, రక్తంలో దాని మోతాదు కొలుచుకుంటూ ఇవ్వడం అలవాటయ్యాక, అమెరికా 1970లో అనుమతించింది. ఈ మందులో మేలుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. మామూలుగా లీటరుకి 0.6 నుంచి 1.0 దాకా ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. ఒంట్లో నీళ్లు తగ్గితే అది పెరుగుతుంది. కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్నా పెరుగుతుంది.

ఇక చట్టం. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం 1987 నాటి కొత్త చట్టం 1993లో అమల్లోకి వచ్చేదాకా పుస్తకాల్లో ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులు కావాలంటే అవతలి మనిషికి మూడేళ్లుగా నయంకాని మతిభ్రమణం ఉందని చూపించాలి. 1976లో దాన్ని సవరించి, 'ఎడతెగకుండా గానీ, ఆగి ఆగి గానీ' ఉండే మానసిక రుగ్మతనీ చేర్చారు. భర్తకైనా భార్యకైనా ఒకే చట్టం. కానీ మా ఇళ్లలో 'దానికి పిచ్చి' అన్నమాట పుట్టింటికి పంపేయడానికి ఎంత తేలిగ్గా పనికొస్తుందో మనకి తెలుసు. ఆగి ఆగి రావడమే నా జబ్బు స్వభావం. ఆ రెండు మాటలు మొదటిసారి చదివినప్పుడు ఎవరో నన్నే చూసి రాసినట్టు అనిపించింది. మందుచీటీ అటు ఉద్యోగానికీ ఇటు కాపురానికీ సాక్ష్యమైపోతుంది. అందుకే మెడికల్ బిల్లులు ఏనాడూ రీయింబర్సుమెంటుకి పెట్టలేదు. బిల్లు మీద మందు పేరుంటుంది. బిల్లు హెడ్మాస్టరు చేతిమీదుగా వెళ్లాలి.

1995 వికలాంగుల చట్టం మానసిక వ్యాధినీ వైకల్యంగా లెక్కించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసెయ్యకూడదని 47వ సెక్షను చెప్పింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్లదాకా తెలీదు. మా స్కూలుకి వచ్చిన సర్క్యులర్లలో నేనెప్పుడూ చూడలేదు. మా స్టాఫ్ రూములో తెలిసింది ఒకటే, ఎవరైనా గట్టిగా మాట్లాడితే 'ఎర్రగడ్డ పంపాలి' అని నవ్వడం.

2004 సంగతి చెప్తాను. ఏప్రిల్లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. లిథియం వేసుకునేవాళ్లకి దాహం ఎక్కువ, మాటిమాటికీ పాసుకి వెళ్లాల్సొస్తుంది. ఆ సెంటర్లో ఆడవాళ్లకి ఉన్న ఒక్క బాత్రూముకీ తాళం. తాళంచెవి అడగడానికి మగవాళ్లు కూర్చున్న వరండా దాటి వెళ్లాలి. అందరాడవాళ్లూ చేసిందే నేనూ చేశాను. నీళ్లు తాగడం మానేశాను. మూడోరోజు నడుంనొప్పి అంటే పక్కనున్న టీచరు ప్రేమగా ఓ డైక్లోఫెనాక్ మాత్ర ఇచ్చింది. మర్నాడూ ఇచ్చింది. ఆ సాయంత్రానికి చేతులు వణికి మార్కులు వెయ్యలేకపోయాను. నాలిక తిరగలేదు. నడిస్తే తూలాను. వాంతులు. "మేడమ్ తాగొచ్చిందా ఏంటి?" అని ఎవరో అనడం వినిపించింది.

ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే 1.9. రెండురోజులు సెలైన్ ఎక్కించారు. సర్టిఫికెట్టులో ఏం రాయమంటారని డాక్టరు అడిగింది. వడదెబ్బ అని రాయమన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, రాసింది.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే అది పూర్తి అబద్ధం కూడా కాదేమో అనిపిస్తుంది. ఎండ ఉంది, దప్పిక ఉంది, తాళం ఉంది. రాయనిది మందు పేరొక్కటే. మోతాదు లెక్కలు కట్టిన శాస్త్రజ్ఞులకి మనిషి దాహమైతే నీళ్లు తాగుతుందన్నది అడగాల్సినంత ప్రశ్న కాదు. ఈ దేశంలో ఉద్యోగం చేసే ఆడది తాగదు. బయటికి వెళ్లే ప్రతి ఆడపిల్లకీ నీళ్లు తాగకుండా ఉండడం చిన్నప్పుడే నేర్పుతాం. అది అందరికీ కష్టమే, నాకు ప్రాణాంతకం.

ఆ తర్వాత చట్టాలు మారాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉద్యోగంలో వివక్ష కూడదంది. అంతకుముందు మానసిక వ్యాధి ఉన్నవాళ్లకి లేని రిజర్వేషనూ ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కునిచ్చింది. 2021 డిసెంబరులో ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యంతో ముడిపడిన ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడమే వివక్ష అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వార్త పేపర్లో చదివి కత్తిరించి దాచుకున్నాను. అయినా ఆ తర్వాత పెట్టిన సెలవుకీ వైరల్ జ్వరమనే రాయించుకున్నాను. పాతికేళ్ల భయం ఒక్క తీర్పుతో పోదు.

గుమాస్తా "అంతా సరిగ్గా ఉందా మేడమ్?" అన్నాడు. ఉందని సంతకం పెట్టి ఇచ్చేశాను. పెన్షను కావాలి కదా. సరిగ్గా లేనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ మందే వేసుకుంటూ ఏ వాల్యుయేషన్ సెంటర్లోనో, ఏ బ్యాంకు కౌంటరు వెనకాలో కూర్చున్న అమ్మాయి ఇది చదివితే, సర్టిఫికెట్టులో ఏం రాయించుకోవాలో తనిష్టం. నీళ్లు మాత్రం తాగాలి. ఎవరు ప్రేమగా ఇచ్చినా డాక్టరుని అడక్కుండా నొప్పి మాత్ర వేసుకోకూడదు. వరండాలో ఎందరు మగవాళ్లున్నా సరే, వెళ్లి ఆ తాళంచెవి అడగాలి.