పంటతో పెరిగి పంటతో తగ్గిన పన్ను

ఆదాయం తగ్గినప్పుడు పన్ను తనంతట తానే తగ్గాలి, పెరిగినప్పుడు తనంతట తానే పెరగాలి. ఇందుకు ప్రభుత్వం కొత్త ఉత్తర్వు జారీ చేయనక్కరలేదు. ఇటువంటి ఏర్పాట్లను నేటి అర్థశాస్త్రజ్ఞులు 'స్వయంచాలక స్థిరీకరణ సాధనా'లంటారు. 1930 ల మాంద్యం తరువాత రూపుదిద్దుకొన్న సిద్ధాంతమిది. కాని పన్ను స్థిరంగా ఉండాలా, రాబడిని అనుసరించాలా అనే ప్రశ్న ఇరాక్ పొలాల్లో 1200 ఏళ్ళ క్రితమే తలెత్తింది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఉస్మాన్ బిన్ హునైఫ్ (రజి) సవాద్ భూములను కొలిపించారు. జరీబుకు గోధుమపై 4 దిర్హములు, బార్లీపై 2 దిర్హములు ఖరాజ్ అని ఒక రివాయత్. లెక్క సులువు, ఖజానాకు ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. భూమి చాలావరకు సాగులో ఉన్నంతకాలం అది న్యాయంగానే నడిచింది. తరువాతి కాలంలో బీళ్ళు పెరిగాయి. పండని నేలకూ పన్ను కట్టవలసిన రైతు ఊరు విడిచిపోక ఏం చేస్తాడు?

అబ్బాసీ ఖలీఫా మహ్దీ (775–785) హయాంలో కొలత స్థానే 'ముఖాసమా', అంటే పంటలో వాటా, ప్రవేశించింది. హారూన్ రషీద్ కోరికపై ఖాజీ అబూ యూసుఫ్ రచించిన 'కితాబుల్ ఖరాజ్' దీనిని గట్టిగా సమర్థించింది. ధర పడినా, పెరిగినా స్థిరపన్ను వల్ల ఖజానాకో రైతుకో నష్టం తప్పదని ఆయన వాదన. పారుదల నీటితో పండిన గోధుమ, బార్లీలపై ఐదింట రెండు వంతులు. ఏతంతో తోడి పండించినవాటిపై పదింట మూడు వంతులు. వేసవి పంటలపై నాలుగో వంతు ఆయన సూచించారు. శ్రమ హెచ్చినచోట వాటా తగ్గింది. వర్షాధారానికి పదోవంతు, తోడిన నీటికి ఇరవయ్యోవంతు అన్న ఉశ్ర్ నియమంలోనూ ఇదే దృష్టి.

దీనికీ పాలకుని దయకూ తేడా ఉంది. హిజ్రీ 18 నాటి కరువులో హజ్రత్ ఉమర్ (రజి) జకాత్ వసూలును వాయిదా వేశారు. అది ఆయన దూరదృష్టి. అటువంటి పాలకుడు ప్రతి తరానికీ దొరకడు. వాటాపద్ధతిలో పాలకుడెవరైనా పంట పోతే పన్నూ పోతుంది.

అయితే అబూ యూసుఫ్‌ను ఆధునిక కోశవిధానానికి ఆద్యుడనటం అతిశయోక్తి. ఆయన కోరింది న్యాయం, సాగు నిలబడటం. వాటా కాగితం మీద ఎంత సక్రమమైనా కళ్ళం దగ్గర చెడగలదని ఆయనకు తెలుసు. పంటను కళ్ళాల్లో నెలల తరబడి ఆపి ఉంచరాదనీ, ఊహతో అంచనా కట్టి వసూలు చేయరాదనీ హెచ్చరించారు. ఈ అధ్యాయాలు రేట్ల పట్టికకంటే విలువైనవి.

సవాద్‌లో ప్రభుత్వ వాటాను సగం నుండి ఐదింట రెండు వంతులకు తగ్గించినవాడు ఖలీఫా మామూన్. అది హిజ్రీ 204. అప్పటికి అబూ యూసుఫ్ మరణించి 22 సంవత్సరాలు.