యుద్ధకాలపు పెరటి మడులు: బ్రిటన్‌లో వసంతకాలపు విత్తులు, 1940-1943

రెండో ప్రపంచ యుద్ధం గురించి చదివేటప్పుడు మీరు సైన్యాల కదలికలను, ఒప్పందాలను, శిఖరాగ్ర సమావేశాలను ఎక్కువగా గుర్తుపెట్టుకొంటారు. ఈ పాఠంలో అదే యుద్ధాన్ని ఆరు సెంట్ల కూరగాయల మడిలో నిలబడి చూద్దాం. మడి బ్రిటన్‌లోనిదే అయినా, దాని కథ చివరకు రంగూన్ రేవు దాకా, మన కోస్తా జిల్లాల దాకా వస్తుంది. ఎలా వస్తుందో అర్థం కావాలంటే ముందు బ్రిటన్ ఏమి తినేదో, అది ఎక్కడి నుంచి వచ్చేదో తెలియాలి.

యుద్ధానికి ముందు బ్రిటన్ తన ఆహారంలో సగానికి పైగా విదేశాల నుంచే తెచ్చుకొనేది. ఆహార పదార్థాలు, పశువుల దాణా కలిపి ఏటా సుమారు 2 కోట్ల టన్నుల సరుకు ఓడల్లో దిగేది. గోధుమలు కెనడా నుంచి, మాంసం అర్జెంటీనా, న్యూజీలాండ్‌ల నుంచి, వెన్న డెన్మార్క్ నుంచి వచ్చేవి. చివరకు ఉల్లిపాయలు కూడా ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరం నుంచి వచ్చేవి. జర్మన్ జలాంతర్గాములు ఈ ఓడలను ముంచితే ఏమవుతుందో 1917లోనే ఆ దేశానికి ఒకసారి అనుభవమైంది. అందుకే 1939 సెప్టెంబరులో మళ్లీ యుద్ధం మొదలైనప్పుడు ఆహార సమస్యను ప్రభుత్వం ఓడల సమస్యగానే లెక్కవేసింది. ఒక ఓడలో గోధుమలు నింపితే అందులో ట్యాంకులకు చోటు ఉండదు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, తరవాత దీని అవసరం వస్తుంది.

పిలుపు, దాని వెనక లెక్క

వ్యవసాయ మంత్రి రెజినాల్డ్ డోర్మన్-స్మిత్ 1939 అక్టోబరులో రేడియోలో మాట్లాడుతూ, తోట ఉన్నవాళ్లు, అలాట్‌మెంట్ దొరికిన వాళ్లు అందరూ విజయం కోసం తవ్వాలని పిలుపునిచ్చాడు. మరో అయిదు లక్షల మడులు సాగులోకి రావాలన్నది ఆయన కోరిక. అలాట్‌మెంట్ అంటే పట్టణ కౌన్సిలు వంటి స్థానిక సంస్థలు కూలి, గుమస్తా కుటుంబాలకు చిన్న మొత్తానికి కౌలుకిచ్చే కూరగాయల మడి. దాని మామూలు కొలత 90 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. అంటే 300 చదరపు గజాలు, మన లెక్కలో ఆరు సెంట్ల పైచిలుకు. ఖాళీగా పడివున్న స్థలాలను మడులుగా చేసి ఇచ్చేందుకు స్థానిక కౌన్సిళ్లకు అధికారమిస్తూ అదే ఏడాది ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

పిలుపు అక్టోబరులో ఎందుకు వచ్చిందో గమనించండి. అక్కడ విత్తే కాలం మార్చి, ఏప్రిల్ నెలలు. కాని నేలను సిద్ధం చేయవలసింది శీతకాలంలో. మన రైతు వేసవి దుక్కులు దున్ని వదిలేస్తే ఎండకు గడ్డలు పగిలి, పురుగు చచ్చి, తొలకరికి నేల సిద్ధమవుతుంది. బ్రిటన్‌లో ఆ పని ఎండకు బదులు మంచు చేస్తుంది. బంకనేలను క్రిస్మస్‌లోపు లోతుగా తవ్వి పెద్ద పెద్ద గడ్డలుగానే వదిలేస్తారు. గడ్డల్లోని నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. ఇలా రెండు నెలలు గడిచేసరికి మట్టి దానంతట అదే పొడిబారుతుంది. డిసెంబరులో తవ్వనివాడికి మార్చిలో ఏ పారా సాయపడదు.

అలాంటిది, ప్రచారంలోని మొదటి శీతకాలమే ఎదురు తిరిగింది. 1940 జనవరిలో అంతకు ముందు 45 ఏళ్లలో ఎరగనంత చలి పడింది. నేల రాయిలా బిగుసుకుపోయి పార దిగలేదు. ఉత్సాహంగా ముందుకు వచ్చిన పట్టణవాసుల్లో చాలామందికి ఫిబ్రవరి చివరిదాకా పని మొదలే కాలేదు. రేషన్ విధానం మాత్రం ఆగలేదు. జనవరి 8 నుంచి వెన్న, పంచదార, ఉప్పు చేసిన పందిమాంసం చీటీల మీదే ఇవ్వసాగారు.

మార్చి నెలలో ఒక మడి

ఇప్పుడు ఒక సాధారణ కుటుంబం వసంతానికి ఎలా సిద్ధపడేదో చూద్దాం. చరిత్ర విద్యార్థికి ఇది అనవసరమైన వివరం అనుకోకండి. ప్రభుత్వ నినాదం ఇళ్లలో ఏ రకమైన శ్రమగా మారిందో ఇక్కడే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు బంగాళాదుంప. విత్తనపు దుంప ఎక్కువగా స్కాట్లండ్ నుంచి వచ్చేది. అక్కడి చల్లటి గాలుల వల్ల తెగులు మోసుకొచ్చే పేనుబంక తక్కువ కాబట్టి ఆ దుంప ఆరోగ్యంగా ఉంటుంది. ఫిబ్రవరిలో దుంపలను లోతులేని పెట్టెల్లో, కళ్లు ఎక్కువగా ఉన్న వైపు పైకి వచ్చేలా పేర్చి, చలి తగలని గదిలో వెలుతురు పడేచోట పెట్టేవారు. పొట్టిగా, గట్టిగా మొలకలు వచ్చాక మార్చి చివర్లోనో, ఏప్రిల్‌లోనో నాటేవారు. గుడ్ ఫ్రైడే నాడు దుంప నాటడం అక్కడి పల్లెల్లో పాత ఆచారం. కాని ఆ పండుగ తేదీ ఏటా మారుతుంది. 1940లో అది మార్చి 22న వస్తే 1943లో ఏప్రిల్ 23న వచ్చింది. నెల రోజుల తేడా! సూర్యుణ్ణి బట్టి లెక్కవేసే మన కార్తెలు ఈ విషయంలో ఎక్కువ నమ్మదగినవని చెప్పక తప్పదు.

ఉల్లి, బఠాణీ మార్చిలో విత్తేవారు. క్యారట్, బీట్‌రూట్ ఏప్రిల్‌లో. తీగ చిక్కుడు మాత్రం మే సగం గడిచేదాకా ఆగవలసిందే, ఎందుకంటే ఒక్క రాత్రి గడ్డమంచు పడితే లేత మొక్క నల్లబడిపోతుంది. తొందరపడి ముందే నాటి మొత్తం పోగొట్టుకోవడం కొత్తవారికి మామూలే. పచ్చిక తవ్వి చేసిన మడులకు మరో బెడద ఉండేది. గడ్డి వేళ్లలో పెరిగే వైర్‌వర్మ్ అనే పురుగు కొత్తగా నాటిన దుంపలను తొలిచేసేది.

ఎరువుకూ కొరతే. పొటాష్ అంతవరకు జర్మనీ, ఫ్రాన్స్‌ల నుంచి వచ్చేది, రెండు దారులూ మూసుకుపోయాయి. కట్టెల బూడిద, పొగగొట్టాల మసి, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు పనికొచ్చాయి. 1942లో ప్రభుత్వం నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ ఏడేసి పాళ్లు ఉండే ఒకే రకం మిశ్రమ ఎరువును గ్రోమోర్ అన్న పేరుతో తెచ్చింది. తోటపనికి సమయం కూడా కొరతే. 1941 నుంచి వేసవిలో గడియారాలను రెండు గంటలు ముందుకు జరిపారు. కార్మికులు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక కూడా మడిలో పని చేసుకొనేంత వెలుగు దొరికింది.

వీటన్నిటినీ తెలియనివారికి నేర్పినవాడు సి.హెచ్. మిడిల్టన్. బి.బి.సి.లో ఆదివారం మధ్యాహ్నాలు ఆయన చేసే తోటపని ప్రసంగాలను లక్షల మంది వినేవారు. వ్యవసాయ మంత్రిత్వ శాఖ వేసిన కరపత్రాలు ఆరు సెంట్ల మడిని మూడు భాగాలుగా గీసి, ఏ ఏడాది ఏ భాగంలో దుంపలు, ఏ భాగంలో క్యాబేజీ జాతి, ఏ భాగంలో మిగిలిన కూరలు వేయాలో చూపేవి. ఈ పంట మార్పిడి పటం ఆ ప్రచారంలోని అత్యంత విలువైన భాగమని నా అభిప్రాయం. పోస్టర్లు ఉత్సాహం ఇచ్చాయి, పటం కూర ఇచ్చింది. మంత్రిత్వ శాఖ ఫిర్యాదు ఒకటే: జనం వేసవి కూరలు తినలేనంత పండించి, శీతకాలానికి కావలసిన లీక్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ వంటివి వేయడం మరచిపోతున్నారని. మార్చిలో విత్తేటప్పుడే వచ్చే ఫిబ్రవరి వంటను ఊహించగలగడం అనుభవం మీద వచ్చే తెలివి.

ఉల్లి కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది, వెంటనే బ్రిటనీ ఉల్లి ఆగిపోయింది. 1941 తొలి నెలల్లో ఉల్లిపాయ ఎంత అపురూపమైందంటే కార్యాలయాల్లో దాన్ని లాటరీ బహుమతిగా పెట్టారు. ఆ వసంతంలో మడుల్లో ఉల్లి నారుకు పెద్దపీట వేయడానికి ఏ పోస్టరూ అవసరం లేకపోయింది.

లండన్ నగరంలో లండన్ టవర్ కోట చుట్టూ ఉన్న కందకంలో కూరగాయలు పండించారు, హైడ్ పార్కులో మడులు వెలిశాయి. తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో ఇళ్లు కూలిన చోట స్థానికులు సంఘంగా ఏర్పడి ఇటుక ముక్కలు ఏరి, మట్టి పోసి పంటలు వేశారు. ఈ ఛాయాచిత్రాలు మీరు చాలా పుస్తకాల్లో చూస్తారు. అవి ప్రచారం కోసం ఎంచి తీసినవని కూడా గుర్తుంచుకోవాలి.

ఎంత పండింది?

1939లో సుమారు 8 లక్షలుగా ఉన్న అలాట్‌మెంట్లు 1943 నాటికి 14 లక్షలకు చేరాయి. ఇవి కాక ఇంటి పెరళ్లు. అన్నిటిలో కలిపి ఏటా పది లక్షల టన్నులకు పైగా కూరగాయలు పండాయని ప్రభుత్వ అంచనా. ఇక్కడ ఆగి ఆలోచించండి: ఈ అంకె ఎలా వచ్చి ఉంటుంది? మడుల సంఖ్యను ఎవరైనా లెక్కించవచ్చు. పెరట్లో కోసి సాయంత్రానికి వండేసిన క్యాబేజీని ఎవరూ కాటా వేయలేదు. కాబట్టి మొదటి అంకెకు ఉన్న బలం రెండోదానికి లేదు.

దేశాన్ని నిజంగా నిలబెట్టింది పొలాల్లో వచ్చిన మార్పు. పచ్చిక బీళ్లను దున్నినవారికి ఎకరాకు 2 పౌండ్ల చొప్పున ప్రభుత్వం ఇచ్చింది, యుద్ధం ముగిసేనాటికి దాదాపు 60 లక్షల ఎకరాలు అదనంగా నాగలి కిందికి వచ్చాయి. మహిళా వ్యవసాయ దళంలో ఒక దశలో 80 వేల మందికి పైగా యువతులు పనిచేశారు. వీటి ముందు పెరటి మడి చిన్నదే. అయినా కూరగాయలను యుద్ధం పొడవునా రేషన్ చేయనవసరం రాలేదు. బంగాళాదుంప బ్రెడ్డుకు బదులుగా పళ్లెంలోకి వచ్చింది, ఆ మేరకు కెనడా గోధుమ అవసరం తగ్గింది. దున్నిన బీళ్లు, పెరటి మడులు, రేషన్ అన్నీ కలిసి ఆహార దిగుమతులను యుద్ధానికి ముందున్న దానిలో దాదాపు సగానికి దించాయి.

ఓడలు ఎటు వెళ్లాయి?

మొదట గుర్తుంచుకోమన్న సూత్రం దగ్గరికి ఇప్పుడు వద్దాం. తోటల ప్రచారాన్ని ప్రారంభించిన డోర్మన్-స్మిత్ 1940 మేలో మంత్రి పదవి కోల్పోయి, మరుసటి ఏడాది బర్మా గవర్నరుగా వెళ్లాడు. 1942 మార్చి 8న, బ్రిటిష్ కుటుంబాలు దుంపలకు మొలకలు తెప్పిస్తున్న రోజుల్లో, రంగూన్ జపాన్ చేతిలో పడింది. గవర్నరు సిమ్లాకు చేరుకొని అక్కడి నుంచి పేరుకు మాత్రం ప్రభుత్వం నడిపాడు. ఏటా పది లక్షల టన్నులకు పైగా భారతదేశానికి వచ్చే బర్మా బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది.

భారత ప్రభుత్వమూ ఒక నినాదం అందుకొంది. 1942లో మొదలైన అధికాహారోత్పత్తి ఉద్యమం మన పాఠ్యాంశాల్లో మీకు మళ్లీ తగులుతుంది. కాని బ్రిటన్‌లో నినాదం వెనక రేషన్ చీటీ, ఎరువు, పటం, మడి ఉన్నాయి. బెంగాల్‌లో భూమిలేని కూలీకి తవ్వుకోవడానికి ఆరు సెంట్లు ఎవరిచ్చారు? 1943లో అక్కడ వచ్చిన కరువుకు బర్మా బియ్యం ఆగడం ఒక్కటే కారణం కాదు. 1942 అక్టోబరు తుపాను, జపాన్ సైన్యం చేతికి చిక్కకూడదని పడవలను స్వాధీనం చేసుకొన్న విధానం, యుద్ధ వ్యయంతో మండిపోయిన ధరలు, దాచిన నిల్వలు అన్నీ కలిశాయి. వీటిలో ఏది ముఖ్యమన్న దానిపై చరిత్రకారుల మధ్య, అర్థశాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. ఓడల విషయంలో మాత్రం వాస్తవం స్పష్టం. 1943 జనవరిలో బ్రిటిష్ ప్రభుత్వం తన దిగుమతులు తగ్గకుండా ఉండేందుకు హిందూ మహాసముద్రానికి వెళ్లే ఓడలను బాగా తగ్గించింది. గోధుమలు పంపమని ఢిల్లీ నుంచి వైస్రాయిలు పదేపదే అడిగినా అడిగినంత రాలేదు. కరువులో చనిపోయినవారు 15 లక్షలని 1945లో విచారణ సంఘం అంచనా వేసింది. తరవాతి పరిశోధకులు 30 లక్షల వరకు చెప్పారు.

మడి తవ్విన బ్రిటిష్ కార్మికుణ్ణి దీనికి బాధ్యుణ్ణి చేయలేం. తన వల్ల మిగిలిన ఓడ ఎటు వెళ్లాలో నిర్ణయించింది అతను కాదు. అయితే పెరటి తోటల కథను విజయగాథగా మాత్రమే చెప్పే పుస్తకాల్లో ఈ రెండో సగం ఉండదు.

ఆ రెండో సగంలో మనవాళ్లూ ఉన్నారు. మన ఉత్తర కోస్తాలో రంగూన్‌ను రంగం అనేవారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేసేవారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వెళ్లినందువల్ల బర్మాలో వారికి కోరంగీలన్న పేరు పడింది. 1942 తొలి నెలల్లో వారిలో కొందరు దొరికిన ఓడ ఎక్కారు. చాలామంది అరకాన్ కొండల మీదుగా, అస్సాం వైపు అడవుల గుండా కాలినడకన బయలుదేరారు. ఆ ఏడాది బర్మా నుంచి వచ్చిన భారతీయులు నాలుగు లక్షలకు తక్కువ కాదు. దారిలో కలరా, మలేరియా, ఆకలితో వేల మంది చనిపోయారు.