బంజారాహిల్స్ పక్కనే ఉన్నాం, బల్దియాలో ఎక్కడున్నాం?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను కృష్ణానగర్‌లో అద్దె రూములో ఉండి చదువుకుంటున్నాను. ఇక్కడ మనోళ్లు తక్కువేం లేరు. పొద్దున్నే షూటింగులకు పోయే జూనియర్ ఆర్టిస్టుల్లో, లైట్లు మోసేవాళ్లలో, హోటళ్లలో, బిల్డింగు పనుల్లో, కోచింగుకు వచ్చిన పిల్లల్లో తండాల వాళ్లు, గూడేల వాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కానీ "మన డివిజన్ ఏది, కార్పొరేటర్ ఎవరు?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. మొన్నటిదాకా నాకూ తెలియదు. వానకు మా గల్లీలో మురుగు పొంగితే ఎవరికి చెప్పాలో తెలియక నలుగురం బకెట్లతో ఎత్తిపోసుకున్నాం. బల్దియా అంటే ఏంది, దాంట్లో మన జాగా ఎంత అని చదవడం అప్పటి నుంచే మొదలుపెట్టాను.

హైదరాబాద్‌లో మున్సిపల్ పాలన 1869లో మొదలైంది. అప్పటి దివాను మొదటి సాలార్ జంగ్ నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివారును అయిదు భాగాలుగా విడదీసి రోడ్లు, పారిశుధ్యం చూసే ఏర్పాటు చేశాడు. 1933లో చాదర్‌ఘాట్ మున్సిపాలిటీ హైదరాబాద్‌లో కలిసింది. 1950లో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండు వేర్వేరు కార్పొరేషన్లయ్యాయి. 1955లో కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 1960లో ఆ రెండూ ఒక్కటయ్యాయి. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు.

ఇంత చరిత్రలో మనం ఎక్కడ ఉన్నాం? మన రూముల నుంచి నడిచి పోయేంత దూరంలోనే బంజారాహిల్స్ ఉంది. ఒకప్పుడు ఆ గుట్టల మీద బంజారాలు ఉండేవాళ్లు. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారిగా చేసిన మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండలను కలుపుకుని ఇల్లు కట్టుకుని, దానికి బంజారా అనే పేరే పెట్టాడు. ఈయనే తర్వాత గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయ్యాడు. గుట్టకు మన పేరు అట్లనే నిలిచింది. ఆ గుట్ట మీద ఇల్లు కొనే స్తోమత మాత్రం మనలో ఎంతమందికి ఉందో మీకే తెలుసు.

కాగితం మీద కూడా చాలాకాలం మన లెక్క లేదు. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతోనే. నగరపాలక సంస్థల్లో ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు ఇవ్వాలని రాజ్యాంగంలోకి ఎక్కింది 1992 నాటి 74వ సవరణతో. 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ ఎన్నికల్లో 150 డివిజన్లు ఉంటే ఎస్టీలకు రిజర్వు అయినవి రెండే: ఫలక్‌నుమా, హస్తినాపురం. రెండూ మనకు దూరమే. అసలు ఆ ఎన్నికల్లో నగరం మొత్తం మీద సగం మంది కూడా ఓటు వేయలేదు.

ఇప్పుడు ఊరి వైపు చూడండి. తండా అంటే ఎన్నో ఏండ్లు పక్క ఊరికి శివారు మాత్రమే. తండాలో నాయక్, కార్‌భారి కూర్చుని తగువు తీర్చేవాళ్లు. నిధులు, బోరు, లైటు కావాలంటే మాత్రం పెద్దూరి సర్పంచ్ గడప ఎక్కాలి. "మా తండాలో మా రాజ్యం" అని ఏండ్ల తరబడి కొట్లాడితే 2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో వాటికి మొదటిసారి సర్పంచులను ఎన్నుకున్నాం. ఏజెన్సీలోనైతే 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇంకా ఎక్కువ బలం ఇచ్చింది.

కాబట్టి మన ఓట్లన్నీ ఊళ్లోనే ఉన్నాయి. మనం మాత్రం ఏడాదిలో పది నెలలు ఇక్కడ ఉంటాం. ఇక్కడి నీళ్లు తాగుతాం, ఇక్కడి మురుగు తొక్కుతాం, ఇక్కడ అద్దె కడతాం. ఓటు ఇక్కడికి మార్చుకుంటానని ఫోన్‌లో మా నాయనకు చెప్పిన. "సర్పంచ్ ఎలక్షన్ల ఒక్కొక్క ఓటుకు ఎంత విలువ ఉంటదో నీకు తెల్వదు బేటా" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. చిన్న పంచాయతీలో పది ఓట్లతోనే గెలుపోటములు తేలిపోతాయి. చట్టం ప్రకారం ఒకరికి ఒక్కచోటే ఓటు. సొంత ఇల్లు లేకున్నా, అద్దెకున్నా, మామూలుగా నివాసం ఉండేచోట ఓటు నమోదు చేసుకునే హక్కు ఉంది. అసెంబ్లీ ఓటర్ల జాబితా ఆధారంగానే పంచాయతీ జాబితా, కార్పొరేషన్ జాబితా రెండూ తయారవుతాయి. ఇక్కడ చేరితే అక్కడ పోతుంది.

నేను అనుకునేది ఇది. చదువు అయిపోగానే ఊరికి పోయేవాళ్లు ఓటు ఊళ్లోనే ఉంచుకోండి. పెళ్లాం పిల్లలతో పదేండ్లుగా ఇక్కడే ఉన్నోళ్లు మాత్రం ఆలోచించాలి. మీ పిల్లల అంగన్‌వాడీ, గల్లీ లైటు, నాలా, చెత్తబండి, జనన ధ్రువపత్రం అన్నీ ఇక్కడివే.

ఓటు ఎక్కడున్నా చేయగలిగినవి రెండున్నాయి. మొదటిది జనగణన. రిజర్వేషన్ లెక్క ఓటర్ల జాబితా నుంచి రాదు, జనాభా లెక్కల నుంచి వస్తుంది. 2027 జనగణనకు ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు "రూము పిల్లలం, మా వివరాలు ఎందుకులే సార్" అనకండి. మీ తెగ పేరు చెప్పి రాయించండి. మనల్ని లెక్కలో చూపిస్తేనే రెండు సీట్లు మూడో నాలుగో అవుతాయి.

రెండోది, ఎవరి పని ఏదో తెలుసుకోవడం. రోడ్లు, వీధి లైట్లు, చెత్త, నాలాలు బల్దియావి. తాగునీళ్లు, మురుగు పైపులు జలమండలివి. కార్పొరేటర్లు కౌన్సిల్‌లో ప్రశ్న అడగొచ్చు. వాళ్లలోంచి ఎన్నికైన 15 మంది స్టాండింగ్ కమిటీ ఖర్చులకు ఆమోదం ఇస్తుంది. పని చేయించేది కమిషనర్. ఆ రాత్రి మేం బకెట్లు పట్టుకునే ముందు జలమండలికి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాల్సింది. మాకు తెలియలేదు, ఇది చదివిన తమ్ముళ్లకు తెలిస్తే చాలు.

తండాను పంచాయతీ చేసుకోవడానికి మన పెద్దోళ్లకు ఏండ్లు పట్టింది. మనం కనీసం మన డివిజన్ పేరైనా తెలుసుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఎక్కడుంటారు, ఓటు ఎక్కడుంది, ఎందుకు అక్కడే ఉంచుకున్నారు? కింద రాయండి, మాట్లాడుకుందాం.