క్విబెక్ తొలి కాపు లూయీ ఎబేర్ వంశమూలము

ఫ్రెంచివారి పేరు వినగానే తెలుగువారికి పుదుచ్చేరి, యానాములు స్ఫురించును. కాని యానామున వారి వర్తకస్థానము వెలయుటకు నూఱేండ్లకు పూర్వమే వారు అట్లాంటిక్ సముద్రమును దాటి ఉత్తర అమెరికాలో నివాసము లేర్పఱచుకొనిరి. 1608లో శాంప్లేన్ క్విబెక్ పట్టణమును స్థాపించెను. అచ్చటికి ఆలుబిడ్డలతో వచ్చి, సేద్యముచేసి బ్రతికిన మొదటి ఫ్రెంచివాడు లూయీ ఎబేర్. కెనడాలో అసంఖ్యాక కుటుంబములు అతనిని తమ మూలపురుషునిగా పేర్కొనుచున్నవి. అందు నిజముగా అతని సంతతివారెవరు? దీనికి ఇంటిపేరొక్కటే సమాధానము చెప్పజాలదు.

ఎబేర్ కర్షకకుటుంబమున పుట్టినవాడు కాడు. పారిస్ నగరమున ఔషధములు నూరి అమ్ముచుండిన నికొలా ఎబేరునకును, జాక్లీన్ పాజోకును సుమారు 1575లో జన్మించి, తండ్రివృత్తినే అభ్యసించెను. ఇచ్చట తల్లి పుట్టినింటిపేరు గమనింపదగినది. అకాడియా వలసకు నాయకుడైన పూత్రెంకూర్ ప్రభువు భార్యయు పాజోవారి యాడపడుచే. ఈ బంధుత్వమే ఎబేరును 1606లో పోర్ట్ రాయలునకు కొనిపోయినదని చరిత్రకారుల అభిప్రాయము.

1613లో ఆంగ్లేయులు పోర్ట్ రాయలును తగులబెట్టిరి. అయినను ఎబేర్ ఆశ విడువలేదు. 1617లో భార్య మరీ రోలేతోను, ముగ్గురు బిడ్డలతోను క్విబెక్కునకు బయలుదేరెను. ఏటికి 200 ఎక్యూల నాణెములు ఇత్తుమన్న వర్తకసంఘమువారు తీరా ఓడ యెక్కువేళకు దానిని సగము చేసిరి. అన్నియు వదలుకొని వచ్చిన ఎబేర్ ఒప్పుకొనక తప్పలేదు. నాగలి లేకయే చేతి పనిముట్లతో అడవి కొట్టి పైరు పెట్టెను. ఆ నేల జనశూన్యము కాదు; ఆదిమజాతులవారు తరతరములుగా సంచరించుచుండిన ప్రదేశము. రోగపీడితులైనపుడు వారికిని అతడు చికిత్స చేసెను. 1627 జనవరిలో మంచుగడ్డపై జాఱిపడి మరణించెను.

పెద్దకుమార్తె ఆన్ అంతకు పూర్వమే పురుటిలో గతించినది. కుమారుడు గియోం 1639లో మరణించెను. మనుమడు జోసెఫ్ యిరొక్వా జాతివారికి చిక్కి ప్రాణములు కోల్పోయెను. ఇట్లు మగసంతతి నిలువక, ఈ శాఖలో ఎబేర్ అను పేరే అంతరించినది. కాని వంశము అంతరింపలేదు. రెండవ కుమార్తె గియెమెత్ 1621లో గియోం కుయారును వివాహమాడి పదిమంది బిడ్డలను కన్నది. గియోం ఎబేర్ కుమార్తె ఫ్రాన్స్వాజ్ సంతతియు వృద్ధిపొందినది. లూయీ రక్తము నేటివఱకు ప్రవహించుచున్నది ఆడుబిడ్డల మూలముననే. ఇక అకాడియాలో ఎబేర్ నామధేయము నిలిపినవారు ఆంత్వాన్, ఎతియెన్ అను వేఱొక సోదరులు. ఒకే ఇంటిపేరు గలవారందఱు ఒకే వంశీయులు కారు.

ఈ సంగతులు సులభముగా తేలినవి కావు. 1640లో క్విబెక్ చర్చి దగ్ధమైనపుడు అందలి జననమరణముల రిజిష్టరులు కాలిపోయినవి. జనుల జ్ఞాపకముల నడిగి వానిని మరల వ్రాయవలసివచ్చెను. 1871 మే నెలలో పారిస్ తిరుగుబాటునందు ఆ నగరపు పాతరిజిష్టరులు భస్మమయ్యెను. మిగిలినవి దస్తావేజులు వ్రాయు నోటరీల కచ్చేరీలలోని కాగితములు: పెండ్లి ఒడంబడికలు, ఆస్తిపంపకములు, క్రయపత్రములు. ఎవరో తమ అక్కఱకు వ్రాయించుకొని, మఱెవరో పాఱవేయక దాచిన ఆ పత్రములే పారిస్ కుటుంబముల పూర్వవృత్తాంతమునకు ఆధారములైనవి.

1918లో క్విబెక్ నగరమున ఎబేర్ స్మారకశిల్పమును ప్రతిష్ఠించిరి. అందు పైరుపంటను చేతబట్టిన ఎబేర్ ఒక్కడే లేడు. బిడ్డలకు చదువు చెప్పుచున్న మరీ రోలేయు, అల్లుడు కుయారును గూడ కలరు. మగవాని పేరుతో తెగిపోయిన వంశము స్త్రీలవలన నిలిచినదన్న సత్యమునకు ఆ శిల్పము తగిన నిదర్శనము.